అంతర్జాలంలో బాలల రక్షణ: భారత శిక్షా చట్టాల పరిణామం

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• అశ్లీలతను నిషేధించే చట్టానికీ, బాలలను రక్షించే చట్టానికీ మధ్య ఉన్న మౌలిక భేదాన్ని వివరించగలుగుతారు.
• 1860 నుంచి 2024 వరకు ఈ రంగంలో వచ్చిన ముఖ్యమైన చట్టాలను, తీర్పులను కాలక్రమంలో గుర్తించగలుగుతారు.
• ఐటీ చట్టంలోని సెక్షన్ 67బి, పోక్సో చట్టంలోని 13, 14, 15 సెక్షన్ల సారాంశాన్ని చెప్పగలుగుతారు.
• ఇటువంటి నేరం తెలిసినప్పుడు పౌరునిగా మీ బాధ్యత ఏమిటో తెలుసుకుంటారు.

1. విషయ పరిచయం

ఒక బాలిక ఫోటోను ఎవరో అసభ్యంగా తీసి, పది మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టారనుకోండి. ఇందులో నేరం ఏమిటి? ఈ ప్రశ్నకు రెండు సమాధానాలు చెప్పవచ్చు. చూడరాని దానిని పది మందికి చూపించడం నేరం అన్నది మొదటిది. ఆ బిడ్డకు హాని చేయడం నేరం అన్నది రెండవది. పైకి రెండూ ఒకటే అనిపిస్తాయి. కాని మొదటి సమాధానంలో చట్టం చూపు ఆ ఫోటో చూసిన పది మంది మీద ఉంటుంది. రెండవ దానిలో ఫోటోలో ఉన్న బిడ్డ మీద ఉంటుంది. ఎవరికి హాని జరిగిందన్న దానిని బట్టే ఎవరు దోషి, ఏది సాక్ష్యం, శిక్ష ఎంత అన్నవి మారిపోతాయి.

మన శిక్షా చట్టానికి 1860లో తెలిసింది మొదటి సమాధానం ఒక్కటే. రెండవ దానిని స్పష్టంగా చెప్పడానికి సుమారు 150 సంవత్సరాలు పట్టింది. ఈ ప్రయాణం ఎలా సాగిందో తెలుసుకోవడమే ఈ భాగం ఉద్దేశం. సెక్షన్ల సంఖ్యలు మీకు పరీక్షకు అవసరమే. అయితే చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: ఈ చట్టం ఎవరి వైపు చూస్తున్నది?

2. అశ్లీలతే నేరంగా ఉన్న కాలం

1860లో రూపొంది, 1862 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత శిక్షాస్మృతిలోని 292వ సెక్షన్ అశ్లీలమైన పుస్తకాలను, చిత్రాలను అమ్మడం, పంచడం నేరమన్నది. అయితే అశ్లీలత అంటే ఏమిటి? ఇంగ్లాండులో 1868లో వెలువడిన హిక్లిన్ తీర్పు దీనికొక కొలబద్దను ఇచ్చింది. చెడు ప్రభావాలకు లోనయ్యే మనసు గలవారి చేతికి ఆ రచన లేదా చిత్రం చిక్కితే, వారిని అది పాడుచేసే అవకాశం ఉన్నదా అన్నదే ఆ కొలబద్ద. మన న్యాయస్థానాలు కూడా దానినే వాడాయి. 1964లో రంజిత్ ఉదేశీ కేసులో బొంబాయి పుస్తక విక్రేతకు పడిన శిక్షను ఖాయం చేస్తూ సుప్రీంకోర్టు ఈ పరీక్షనే కొంత మార్పుతో అనుసరించింది.

ఈ దశలో చట్టంలో బాలలకు చోటే లేదా? ఉన్నది, కాని అది వేరే చోటు. అశ్లీల ప్రచురణల వ్యాపారాన్ని అరికట్టడానికి 1923లో జెనీవాలో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. దానిని అమలుపరచడానికి 1925లో మన శిక్షాస్మృతిని సవరించారు. ఆ సవరణతో వచ్చిన 293వ సెక్షన్ ఇరవై ఏళ్లలోపు వారికి అశ్లీల వస్తువులను అమ్మితే ఎక్కువ శిక్ష విధించింది. ఇక్కడ బాలుడు కొనుగోలుదారు, పాడైపోగల పాఠకుడు. చిత్రంలో ఉన్న బాలుని గురించి ఆ చట్టం ఆలోచించలేదు.

మరోవైపు బాలల శరీర రక్షణకు సంబంధించిన చట్టం వేరే పాయగా సాగింది. లైంగిక సమ్మతికి 1860లో పదేళ్లుగా ఉన్న వయసును, ఫూల్‌మణి దాసి అనే బాలిక మరణం దేశమంతటా చర్చనీయాంశమైన తరువాత, 1891లో పన్నెండేళ్లకు పెంచారు. అంటే బిడ్డ శరీరానికి జరిగే హాని గురించి ఒక చట్టం, చిత్రాల గురించి మరో చట్టం. ఈ రెండు పాయలు చాలాకాలం కలవలేదు. బిడ్డకు హాని చేస్తూ ఫోటో తీస్తే, హాని ఒక కేసు, ఫోటో మరో కేసు. ఆ ఫోటో చేతులు మారిన ప్రతిసారీ బిడ్డకు మళ్లీ గాయమవుతుందన్న ఆలోచనకు ఏ సెక్షన్‌లోనూ తావు లేదు.

3. కెమెరా ముందున్న బిడ్డ: గోవా అనుభవం

ఈ లోపాన్ని దేశం ముందు నిలబెట్టిన కేసు గోవాలో బయటపడింది. అక్కడ అనాథ బాలురకు ఆశ్రయం ఇస్తున్నట్లు చెప్పుకొన్న ఫ్రెడ్డీ పీట్స్ అనే వ్యక్తిని 1991లో పోలీసులు అరెస్టు చేశారు. ఆ బాలురను విదేశీయులకు అప్పగించడం, వారి ఫోటోలు తీయడం అతని మీద వచ్చిన ఆరోపణలు. పోలీసులకు పెద్ద సంఖ్యలో ఫోటోలు, నెగెటివ్‌లు దొరికాయి. 1996లో గోవా సెషన్స్ న్యాయస్థానం అతనికి యావజ్జీవ శిక్ష విధించింది. అయితే బాలలను అలా చిత్రించడమే ఒక ప్రత్యేక నేరమని చెప్పే చట్టం అప్పటికి దేశంలో లేదు. సాధారణ శిక్షాస్మృతి సెక్షన్లతోనే కేసు నడిచింది.

ఈ అనుభవం తరువాత గోవా రాష్ట్రం 2003లో బాలల చట్టాన్ని చేసింది. అందులోని ఒక నిబంధనను మీరు ప్రత్యేకంగా గమనించాలి. ఫోటోలు కడిగే స్టూడియోవారికి తమ వద్దకు వచ్చిన ఫిల్ములో బాలల అసభ్య దృశ్యాలు కనబడితే వెంటనే పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోతే అదే నేరం. ఫిల్ము రీళ్ల కాలం అప్పటికే ముగింపుకు వచ్చినా, ఆ ఆలోచన మాత్రం నిలిచింది. చిత్రం ఎవరి చేతుల మీదుగా సాగుతున్నదో వారికీ బాధ్యత ఉన్నదన్న సూత్రమే తరువాత ఇంటర్నెట్ సంస్థలకు వర్తించింది.

ప్రపంచంలో కూడా ఇదే మలుపు కనిపిస్తుంది. 1982లో అమెరికా సుప్రీంకోర్టు ఫెర్బర్ కేసులో, బాలల లైంగిక చిత్రాలను నిషేధించడానికి అవి అశ్లీలత పరీక్షకు నిలవనక్కరలేదని, వాటి తయారీలోనే బాలలకు హాని ఉన్నదని తీర్పు చెప్పింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 34వ అధికరణలో ఇటువంటి దోపిడీ నుంచి బాలలను కాపాడడం రాజ్యాల బాధ్యత అన్నది. భారతదేశం 1992 డిసెంబర్ 11న ఆ ఒడంబడికలో చేరింది. బాలల అమ్మకం, వ్యభిచారం, అశ్లీల చిత్రణలకు సంబంధించిన 2000 నాటి అనుబంధ ఒప్పందాన్ని 2005లో ధ్రువీకరించింది.

4. ఐటీ చట్టం: పాత మాటలు, కొత్త తెర

2000 సంవత్సరంలో వచ్చిన సమాచార సాంకేతిక చట్టం (ఐటీ చట్టం) ప్రధానంగా ఎలక్ట్రానిక్ వాణిజ్యం కోసం చేసినది. దాని 67వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రూపంలో అశ్లీలతను ప్రచురించడం నేరమన్నది. అందులోని పదజాలం దాదాపుగా శిక్షాస్మృతి 292వ సెక్షన్ నుంచి తెచ్చినదే. కాగితం స్థానంలో తెర వచ్చింది, ఆలోచన మారలేదు. బాలల ప్రస్తావన ఆ సెక్షన్‌లో లేదు.

సుమారు నాలుగేళ్లకే ఈ చట్టానికి పరీక్ష ఎదురైంది. 2004లో ఢిల్లీలోని ఇద్దరు పాఠశాల విద్యార్థులకు సంబంధించిన వీడియో మొబైల్ ఫోన్లలో పాకి, చివరకు ఒక వేలం వెబ్‌సైట్‌లో అమ్మకానికి వచ్చింది. ఆ సంస్థ ప్రధాన అధికారిని అరెస్టు చేశారు. ఆ తరువాత ఏళ్ల తరబడి సాగిన న్యాయవాదమంతా వెబ్‌సైట్ నడిపేవారి బాధ్యత ఎంత అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. అది అవసరమైన ప్రశ్నే. కాని ఆ వీడియోలో ఉన్నది మైనర్లు అన్న విషయం న్యాయచర్చలో వెనక్కి పోయింది. చట్టంలో ఆ మాట లేకపోవడమే దానికి కారణం.

2008 డిసెంబర్‌లో పార్లమెంటు ఐటీ చట్టాన్ని సవరించింది. ఈ సవరణ 2009 అక్టోబర్ 27న అమలులోకి వచ్చింది. దానితో చేరిన 67బి సెక్షన్‌లో మన చట్టం మొదటిసారిగా ఎలక్ట్రానిక్ చిత్రంలోని బిడ్డ వైపు తిరిగింది. పద్దెనిమిదేళ్లలోపు బాలల విషయంలో ఈ సెక్షన్ ఐదు రకాల పనులను నేరాలుగా ప్రకటించింది:

(అ) బాలలను లైంగిక చర్యలో చూపే సామగ్రిని ప్రచురించడం, పంపడం;
(ఆ) అటువంటి చిత్రాలను, రాతలను తయారుచేయడం, సేకరించడం, వెతకడం, డౌన్‌లోడ్ చేయడం, ఇచ్చిపుచ్చుకోవడం;
(ఇ) లైంగిక ఉద్దేశంతో బాలలను ఆన్‌లైన్ సంబంధాలలోకి మభ్యపెట్టి లాగడం;
(ఈ) ఆన్‌లైన్‌లో బాలల మీద జరిగే అకృత్యాలకు వీలు కల్పించడం;
(ఉ) బాలల మీద జరిగిన అకృత్యాన్ని ఎలక్ట్రానిక్ రూపంలో రికార్డు చేయడం.

మొదటిసారి నేరానికి ఐదేళ్ల వరకు, మళ్లీ చేస్తే ఏడేళ్ల వరకు జైలు, రెండు సందర్భాలలోనూ పది లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటుంది. పై జాబితాలో (ఇ)ని మరోసారి చదవండి. అక్కడ ఇంకా చిత్రమేదీ తయారు కాలేదు. ఒక పెద్దవాడు వేరే పేరుతో, వేరే వయసుతో బాలికతో స్నేహం కలిపి మెల్లగా ఉచ్చు బిగించే దశ అది. అశ్లీలత చట్టం ఆ దశను చూడనేలేదు, ఎందుకంటే చూపించడానికి అక్కడ అశ్లీల వస్తువు లేదు. బిడ్డను కేంద్రంగా పెట్టుకొన్న చట్టమే దానిని చూడగలిగింది.

5. పోక్సో చట్టం: 2012, 2019

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ బాలల మీద జరిగే హింసపై ఒక జాతీయ అధ్యయనాన్ని ప్రకటించింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాలలో 12,447 మంది బాలలను అడగగా, 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు చెప్పారు. బాలురు కూడా బాలికలతో సమానంగా బాధితులని తేలింది. కాని శిక్షాస్మృతిలోని అత్యాచార నిర్వచనం బాలురకు వర్తించేది కాదు. ప్రత్యేక చట్టం కావాలన్న వాదనకు ఈ అధ్యయనం బలమిచ్చింది.

లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం, అంటే పోక్సో చట్టం, 2012 నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడు అమలులోకి వచ్చింది. ఇది బాలబాలికలిద్దరికీ వర్తిస్తుంది. వేరువేరుగా సాగిన రెండు పాయలు, బిడ్డ శరీరం గురించిన చట్టమూ, చిత్రం గురించిన చట్టమూ, ఇక్కడ కలిశాయి. బాలలను ఎలక్ట్రానిక్ మార్గాలలో పదేపదే వెంబడించడం, నిజమైన లేదా కల్పించిన చిత్రాలను బయటపెడతామని బెదిరించడం 11వ సెక్షన్ ప్రకారం లైంగిక వేధింపు. బాలలను ఏ మాధ్యమంలోనైనా లైంగిక తృప్తి కోసం చిత్రించడం, అది సొంత వాడకానికైనా పంచడానికైనా, 13వ సెక్షన్ ప్రకారం నేరం.

విచారణ పద్ధతి కూడా మారింది. బాలల వాంగ్మూలాన్ని వారి ఇంటి వద్ద లేదా వారు కోరిన చోట, యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు ఎస్సై హోదాకు తగ్గని మహిళా అధికారి నమోదు చేయాలి. సాక్ష్యం చెప్పే వేళ బిడ్డకు నిందితుడు ఎదురుగా కనిపించకూడదు. 2004లో సాక్షి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలలో ఇటువంటి తెర ఏర్పాటు ముందే ఉన్నది. బిడ్డ పేరు, చిరునామా, బడి వంటి వివరాలను పత్రికలు, చానళ్లు వెల్లడించరాదు.

2012 నాటి 15వ సెక్షన్ మాత్రం బలహీనమైనది. వ్యాపారం కోసం ఇటువంటి చిత్రాలను దాచుకుంటేనే అది నేరమన్నది. 2019 ఆగస్టు 16న అమలైన సవరణ దీనిని మూడు మెట్లుగా మార్చింది. పంచుకొనే ఉద్దేశంతో ఉంచుకొని, తొలగించకుండా, అధికారులకు తెలపకుండా ఉంటే కనీసం ఐదు వేల రూపాయల జరిమానా. పంపడానికి, ప్రదర్శించడానికి ఉంచుకుంటే మూడేళ్ల వరకు జైలు లేదా జరిమానా లేదా రెండూ. వ్యాపారానికైతే మూడు నుంచి ఐదేళ్ల జైలు లేదా జరిమానా లేదా రెండూ. 14వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు అని ఉన్న శిక్ష కనీసం ఐదేళ్లుగా మారింది. కంప్యూటర్‌తో తయారుచేసినా, అసలు బిడ్డే అని భ్రమ కలిగించే చిత్రం కూడా నిర్వచనంలోకి వచ్చింది.

6. ఫిర్యాదు నుంచి దర్యాప్తు వరకు

చట్టం ఉంటే చాలదు, సమాచారం పోలీసులకు చేరాలి. ఈ విషయంలో తెలుగు నేలకు నేరుగా సంబంధించిన ఒక ఘట్టం ఉన్నది. 2015లో హైదరాబాద్‌లోని ప్రజ్వల సంస్థ, వాట్సాప్‌లో తిరుగుతున్న అత్యాచార వీడియోలను ప్రస్తావిస్తూ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాసింది. న్యాయస్థానం ఆ లేఖనే కేసుగా స్వీకరించి, సీబీఐ దర్యాప్తుకు ఆదేశించి, ఇటువంటి దృశ్యాలను అడ్డుకొనే మార్గాలపై నిపుణుల కమిటీని నియమించింది. ఆ కేసు క్రమంలోనే ఫిర్యాదుల కోసం కేంద్ర హోం శాఖ 2018 సెప్టెంబర్‌లో ఒక జాతీయ పోర్టల్‌ను ప్రారంభించింది. 2019లో దానిని అన్ని సైబర్ నేరాలకూ విస్తరించారు.

రెండవ మార్గం విదేశం నుంచి వస్తుంది. అమెరికా చట్టం ప్రకారం అక్కడి ఇంటర్నెట్ సంస్థలు తమ దృష్టికి వచ్చిన ఇటువంటి చిత్రాల సమాచారాన్ని, తప్పిపోయిన, దోపిడీకి గురైన బాలల కోసం పనిచేసే అక్కడి జాతీయ కేంద్రానికి ఇవ్వాలి. 2019 ఏప్రిల్‌లో మన జాతీయ నేర నమోదు సంస్థ ఆ కేంద్రంతో అవగాహన కుదుర్చుకున్నది. భారతదేశానికి సంబంధించిన సమాచారం ఇక్కడికి చేరి, రాష్ట్రాల పోలీసులకు వెళుతుంది. చిత్రాన్ని అప్‌లోడ్ చేసిన ఐపీ చిరునామా ఆధారంగా సైబర్ పోలీసులు వ్యక్తిని గుర్తిస్తారు. ఒకసారి గుర్తించిన చిత్రానికి కంప్యూటర్ వేలిముద్ర వంటి సంఖ్యను ఇస్తుంది. అదే చిత్రం మరోచోట కనబడితే ఆ సంఖ్య పట్టిస్తుంది. సీబీఐ కూడా 2019లో ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటుచేసి, 2021లో ఆపరేషన్ కార్బన్, 2022లో ఆపరేషన్ మేఘచక్ర పేర్లతో అనేక రాష్ట్రాలలో ఒకేసారి సోదాలు జరిపింది.

7. మాట మారింది: 2024 తీర్పు

2024 జనవరిలో మద్రాసు హైకోర్టు ఒక యువకునిపై కేసును కొట్టివేసింది. అతడు బాలల చిత్రాలను ఫోన్‌లోకి దించుకున్నాడు కాని ఎవరికీ పంపలేదు, ఏకాంతంగా చూడడం మాత్రమే నేరం కాదు అన్నది ఆ తీర్పు సారం. ఈ వాదనలో పాత అశ్లీలత చట్టం నీడ మీకు కనిపించాలి. చూసినవాడు ఒక్కడే అయితే పాడైనది ఎవరు అన్నట్లు సాగే తర్కం అది.

ఈ తీర్పును బాలల హక్కుల సంస్థల కూటమి సవాలు చేసింది. 2024 సెప్టెంబర్ 23న జస్టిస్ డి.వై. చంద్రచూడ్, జస్టిస్ జె.బి. పార్దీవాలా ధర్మాసనం హైకోర్టు తీర్పును రద్దు చేసింది. అటువంటి చిత్రాన్ని తొలగించకుండా, తెలియజేయకుండా ఉంచుకున్న తీరు నుంచే పంచుకొనే ఉద్దేశాన్ని ఊహించవచ్చని, నిజంగా పంపి ఉండనక్కరలేదని చెప్పింది. ఇంటర్నెట్ సంస్థలు పోక్సో ప్రకారం పోలీసులకు సమాచారం ఇవ్వకపోతే ఐటీ చట్టం 79వ సెక్షన్ ఇచ్చే రక్షణ వాటికి దక్కదని కూడా స్పష్టం చేసింది.

వీటన్నిటికంటే చరిత్ర విద్యార్థి గుర్తుంచుకోవలసినది మరొకటి. ‘చైల్డ్ పోర్నోగ్రఫీ’ అన్న పదాన్ని న్యాయస్థానాలు ఇకపై వాడరాదని, దాని స్థానంలో ‘బాలల లైంగిక దోపిడీ, అకృత్యాల సామగ్రి’ అన్న అర్థమిచ్చే పదాన్ని వాడాలని ధర్మాసనం ఆదేశించింది. చట్టంలో కూడా ఆ మార్పు చేయాలని పార్లమెంటుకు సూచించింది. పాత పదం వింటే పెద్దల సమ్మతితో తీసే చిత్రాలలో ఇదొక రకం అనిపిస్తుంది. కొత్త పదం ప్రతి చిత్రం వెనుకా ఒక నేరం జరిగి ఉన్నదని చెబుతుంది. 1860లో మొదలైన ప్రయాణం ఈ పదం దగ్గర తన గమ్యాన్ని పేరు పెట్టి పిలిచింది.

2024 జూలై 1న అమలైన భారతీయ న్యాయ సంహితలోనూ ఈ మార్పు జాడలున్నాయి. అశ్లీలత నిబంధన 294వ సెక్షన్‌గా కొనసాగుతూ ఎలక్ట్రానిక్ ప్రదర్శనను కలుపుకున్నది. బాలలను నేరానికి వాడుకోవడాన్ని శిక్షించే 95వ సెక్షన్, లైంగిక దోపిడీకి వాడుకోవడం కూడా అందులోకి వస్తుందని వివరించింది.

8. ఇంకా తేలని ప్రశ్నలు

ప్రయాణం ముగిసిందని అనుకోకండి. పదహారేళ్ల బాలిక తన ఫోటోను తానే తీసి స్నేహితునికి పంపితే, ఆ స్నేహితుడూ పదహారేళ్లవాడే అయితే, ఏం చేయాలి? పద్దెనిమిదేళ్లలోపు వారందరినీ ఒకే గీతతో కాపాడే చట్టం ఇటువంటి సందర్భంలో బిడ్డనే నిందితుని స్థానంలో నిలబెట్టే ప్రమాదం ఉన్నది. కౌమారంలోని వారి కోసం మన చట్టంలో ప్రత్యేక మినహాయింపు లేదు. దోపిడీని, తెలిసీ తెలియని పొరపాటును వేరుచేసి చూడడం దర్యాప్తు అధికారుల, న్యాయస్థానాల వివేకం మీద ఆధారపడి ఉన్నది.

రెండవ ప్రశ్న కుటుంబాలది. చిత్రంలో ఉన్న బిడ్డ బాధితురాలని చట్టం ఒప్పుకున్నది కాని, ఇల్లు ఇంకా ఒప్పుకోలేదు. ‘పరువు పోతుంది, ఎవరికీ చెప్పకు’ అన్న మాట పాత అశ్లీలత చట్టం లాంటిదే. అది చూసే నలుగురి గురించే ఆలోచిస్తుంది. బెదిరించేవాడి బలమంతా ఆ మాటలోనే ఉన్నది.

9. పౌరుని బాధ్యత

మీలో ఉపాధ్యాయులు, అంగన్‌వాడీ కార్యకర్తలు, తల్లిదండ్రులు ఉంటారు. ఇటువంటి చిత్రం మీ ఫోన్‌కు వస్తే ‘చూడండి, జాగ్రత్త’ అని కూడా ఇతరులకు పంపకండి. మంచి ఉద్దేశంతో పంపినా ఆ బిడ్డ మరో పది మంది ముందుకు వెళుతుంది. పోలీసులకు గాని, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో గాని ఫిర్యాదు చేయండి. పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా ఇటువంటి ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098కి ఫోన్ చేయవచ్చు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం తెలిసిన ప్రతి వ్యక్తీ తెలియజేయాలి. తెలియజేయకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఈ శిక్ష బాలలకు వర్తించదు. సద్బుద్ధితో సమాచారం ఇచ్చినవారికి చట్టం రక్షణ ఇస్తుంది.

అన్నిటికంటే ముందు, మీ వద్దకు వచ్చి చెప్పుకొన్న బిడ్డతో ‘తప్పు నీది కాదు’ అనండి. చట్టం ఈ మాట అనడానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది. మనకు అంత సమయం అక్కరలేదు.

సారాంశం

1860 నాటి శిక్షాస్మృతి అశ్లీలతను చూసేవారి నైతికత దృష్టితో నిషేధించింది. 1925 సవరణ బాలలను కొనుగోలుదారులుగా మాత్రమే గుర్తించింది. గోవా కేసు, అంతర్జాతీయ ఒప్పందాలు చిత్రంలోని బిడ్డ వైపు దృష్టి మళ్లించాయి. ఐటీ చట్టంలోని 67బి సెక్షన్, 2012 పోక్సో చట్టం, 2019 సవరణ ఆ దృష్టిని చట్టరూపంలోకి తెచ్చాయి. 2024 సుప్రీంకోర్టు తీర్పు దానికి తగిన పదాన్ని ఇచ్చింది. కౌమార బాలల విషయంలో, కుటుంబాల మౌనం విషయంలో సమస్యలు మిగిలే ఉన్నాయి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. శిక్షాస్మృతి 293వ సెక్షన్ బాలలను ఏ స్థానంలో చూసింది?
2. ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద చిత్రమేదీ తయారుకాకముందే నేరమయ్యే పని ఏది?
3. పోక్సో 15వ సెక్షన్‌లో 2019 సవరణ తెచ్చిన మూడు మెట్లను రాయండి.
4. 2024 తీర్పులో పదం మార్పుకు ఉన్న ప్రాధాన్యాన్ని మీ మాటల్లో చర్చించండి.